అంకెలు చెరిగిన బంతులు

కుతాయిసీలో, రియోని నది ఒడ్డున
మూతపడ్డ పట్టుమిల్లు గోదాములో
ఎతేరి వ్యాయామశాల.
నేనక్కడ కసరత్తు చేసేవాణ్ణి కాను.
మా నాన్న గుర్రపు జీన్లు కుట్టేవాడు.
గుర్రాలు పోయాయి, సూది మిగిలింది.
పిగిలిన బరువు బంతులకు
ఇప్పుడు నేను కుట్లు వేస్తాను.

ఏటా మంచు కరగ్గానే
పదకొండు బంతుల్ని నా బల్ల మీద దొర్లిస్తుంది.
చెమట నాకేసిన అంకెలు.
"తూచి రాయి బెసిక్, చూసి రాయకు."
నిజమే.
గుమ్మడికాయంత పాత తోలుబంతిలో
గుర్రపు వెంట్రుకలు, మూడు కిలోలు.
తలకాయంత నల్లదానిలో
తడి తగలని ఏటి ఇసుక, ఎనిమిది.

కుస్తీ కుర్రాడు జాబా
వచ్చిన రోజే పది కిలోలదాని మీద చెయ్యేశాడు.
ఎతేరి వద్దనలేదు.
గోడకేసి కొట్టమంది, పన్నెండు సార్లు.
మూడు దెబ్బలు పిడుగుల్లా పడ్డాయి.
నాలుగోది మూలిగింది.
ఐదోది గోడదాకా పోనేలేదు.
"విన్నావా చప్పుడు?
వేగం చచ్చిందంటే బంతి ఎక్కువైనట్టు."
నాలుగు కిలోలది చేతిలో పెట్టింది.
వాడి చెవులు కందగడ్డలయ్యాయి.

నడుం తిప్పేవాళ్ళకు రెండు, మహా అయితే మూడు.
వెన్నంటే తలుపు బందు, గానుగ రోకలి కాదంటుంది.
ఈటె విసిరే బడిపిల్లలకు ఒకటి,
ఒంటిచేత్తో, భుజం నవ్వుతున్నంతసేపే.
నెత్తిమీది నుంచి నేలకేసి బాదాలనుకుంటే
ఆ నల్లది, పడ్డచోటే శవంలా పడుండేది.
రబ్బరుదాన్ని మాత్రం బాదొద్దు.
అది తిరిగొస్తుంది.
నిరుడు గురాం ముందుపన్ను అలాగే పోయింది,
కిటికీలో అగ్గిపెట్టెలో ఇంకా ఉంది, వచ్చి చూసుకోవచ్చు.

ఇక ముర్మాన్ సంగతి.
రొట్టెల బట్టీవాడు, అరవై రెండేళ్ళు,
పిండి బస్తా ఎత్తబోతే కుడి భుజం తెగింది,
డాక్టర్లు కుట్టారు, నాకంటే వంకరగా.
ఎతేరి రెండు కిలోలది ఇస్తే
"ఇదెవరి మనవరాలిది?" అన్నాడు.
నాలుగుదే కావాలట, లేదంటే ఇంటికి పోతాడట.

ఆ రాత్రి ఆమె నా కొట్టు తలుపు తట్టింది,
చంకలో నాలుగు కిలోల బంతి.
"సగం తీసెయ్. అంకె అలాగే ఉండనీ."
ఏడు కుట్లు విప్పాను.
ఇసుక పాత పేపర్లోకి జారింది.
సొట్ట పడకుండా గుడ్డపీలికలు కూరాను.
జీనులో అబద్ధం కుట్టకురా,
గుర్రానికి తెలిసిపోతుంది, అనేవాడు నాన్న.
కుట్టాను.

నెలకోసారి బంతి వచ్చేది, ఒక పీలిక తీసి
ఒక గుప్పెడు ఇసుక పోసేవాణ్ణి.
వేసవంతా అతను దాన్ని ఎత్తాడు, విసిరాడు, పట్టాడు,
తిట్టాడు.
ద్రాక్షకోతలు మొదలయ్యేసరికి
పేపర్లో ఇసుక అయిపోయింది.

ఒక పొద్దున అతనే వచ్చాడు,
ఒక చేతిలో బంతి, ఒక చేతిలో వేడి రొట్టె.
అడక్కుండానే బంతిని నా త్రాసు మీద పెట్టాడు.
నాలుగు, సరిగ్గా.
"నలభై ఏళ్ళు పిండిముద్దలు తుంచిన చెయ్యిది, బెసిక్.
మొదటి రోజు కిలో తొమ్మిది వందలు."
"మరి అనలేదేం?"
అతను భుజం పైకెత్తాడు,
ఆ కుట్టిన భుజాన్నే, చెవిదాకా.
"అంత రాత్రివేళ ఆవిడ నీ కొట్టుదాకా నడిచొచ్చి
అబద్ధమాడుతుంటే
మధ్యలో నేనెవణ్ణి?"

బంతిని చంకలో ఇరికించుకుని వెళ్ళిపోయాడు.
రొట్టె త్రాసు పక్కనే పొగలు కక్కుతోంది.
ఊరికే, చెయ్యి ఊరుకోక, తూచాను.
అతని కొట్టులో రొట్టె నాలుగు వందల గ్రాములు.
ఇది నాలుగు వందల యాభై.